చూసినవాళ్ల మాట

ఈమధ్య మా కాలేజీలో పిల్లలకి నేనొక ఉపన్యాసం ఇచ్చాను. ఫోన్లలో వచ్చే సమాచారంలో ఏది నమ్మాలి, ఏది నమ్మకూడదు అన్నది విషయం. బందరులో ఇలాంటి పని పడితే నన్నే పిలుస్తారు. స్టాఫ్‌రూములో ఎవరికి ఏ ఫార్వర్డ్ వచ్చినా "ఇది నిజమేనా మాస్టారూ" అంటూ ఫోను తెచ్చి నా ముందు పెడతారు. నాకు ఆ పేరుంది. ఆ పేరు విన్నప్పుడల్లా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఎందుకో వాళ్లకి చెప్పలేదు.

ఉపన్యాసం బాగానే సాగింది. ఎవరు రాశారో చూడండి, ఎప్పటిదో చూడండి, ఫొటో పాతదేమో వెతకండి, ఒక్కచోట చదివి ఊరుకోక నాలుగుచోట్ల చూడండి అని చెప్పాను. చివర్లో ఒక అమ్మాయి లేచి, ఇవన్నీ చేశాక కూడా తేలకపోతే ఏం చెయ్యాలి సార్ అని అడిగింది. ఆ సంగతి స్వయంగా చూసిన మనిషిని, అబద్ధం చెప్పడని నీకు నమ్మకమున్న మనిషిని పట్టుకుని అడగమ్మా అన్నాను. ప్రిన్సిపాల్ గారితో సహా అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాట నాది కాదు, మా గుడివాడ అత్తయ్యది. ఆవిడ పోయి మూడు నెలలు కావస్తోంది. ఆవిడ అలా నమ్మి అడిగిన మనిషిని నేనే.

అత్తయ్య మా నాన్నకి అక్క. పొడగరి, మాట మెల్లన. ఎవరైనా కబురు మోసుకొస్తే ముందు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టేది. అక్షరాలు చదవడానికి కళ్లజోడు కావాలి గాని మనిషి మొహం చదవడానికి అక్కర్లేదనేది. తర్వాత, "నువ్వు చూశావా?" అని అడిగేది. లేదంటే, "పోనీ, నీకు చెప్పినవాళ్లు చూశారా?" అదీ లేదంటే ఆ కబురు అక్కడితో ఆగిపోవాల్సిందే. అలాంటివాటికి ఆవిడ పెట్టుకున్న పేరు కాళ్లు లేని కబుర్లు. పక్కింటి వాళ్లబ్బాయి ఉద్యోగం ఊడిందని, ఫలానా వాళ్ల కోడలు పుట్టింటికి వెళ్లిపోయిందని ఉత్సాహంగా చెప్పడానికి వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఈ రెండు ప్రశ్నలు దాటలేక కాఫీ తాగి లేచిపోయేవారు. ఆవిడతో కబుర్లేం సాగుతాయండీ అని వీధిలో విసుక్కునేవారు. మళ్లీ ఎవరింట్లోనైనా సంబంధం విషయం వస్తే ముందు ఆవిడ దగ్గరికే వచ్చేవారు.

మావయ్య పోయాక, అదే ఊళ్లో ఉంటున్న కూతురు, మా వదిన, ఆవిడకి పెద్ద ఫోను కొనిపెట్టింది. గుడివాడ, బందరు, అవనిగడ్డ, కోడూరు చుట్టాలందరం ఉన్న గ్రూపులో చేర్చింది. ఇక ఆవిడ కూడా అందరిలాగే పొద్దున్నే దేవుడి బొమ్మలు, మధ్యాహ్నం చిట్కా వైద్యాలు పంచుతుందనుకున్నాం. ఆవిడ మాత్రం ఫోన్ని చెయ్యి చాపినంత దూరాన పట్టుకుని, వచ్చినదాన్ని పైకి చదివి, వెంటనే ఇంకొకరికి ఫోను చేసేది. ఊరికో మనిషి ఉన్నారు ఆవిడకి. ఒకసారి సముద్రం వెనక్కి వెళ్లిపోయిందని, ఏ క్షణాన మీద పడుతుందో తెలియదని ఒక వీడియో వచ్చింది. మా వైపు అలాంటి మాట వింటే ఎవరికీ ముద్ద దిగదు. అవనిగడ్డ వాళ్లు సామాన్లు మేడ మీదికి ఎక్కించడం కూడా మొదలెట్టారు. అత్తయ్య, బందరులో ఉన్న రోజుల్లో తనకి చేపలు తెచ్చి ఇచ్చే గిలకలదిండి ఆమెకి ఫోను చేసింది. ఆమె అప్పుడు రేవులోనే, వేలంపాట దగ్గర నిలబడి ఉందట. కాసేపటికి గ్రూపులో అత్తయ్య గొంతు వినపడింది. "సముద్రం ఎక్కడిదక్కడే ఉందట. అన్నాలు తినండి."

నాకు గర్వం ఎక్కువ. అబద్ధాన్ని వాసన చూసి పట్టేస్తాననుకునేవాణ్ని. రేషను బియ్యంలో ప్లాస్టిక్ కలుపుతున్నారని వీడియో వచ్చినప్పుడు, ఒట్టి అబద్ధం అని చదివిన మరుక్షణమే గ్రూపులో కొట్టేశాను. అత్తయ్య ఫోను చేసింది. నువ్వు ఆ బియ్యం చూశావా అంది. చూడక్కర్లేదత్తయ్యా, ఇలాంటివి సవాలక్ష వస్తుంటాయన్నాను. ఆవిడ ఫోను పెట్టేసి, డబ్బాలోంచి గుప్పెడు బియ్యం తీసి నానబెట్టింది, ఉడకబెట్టింది, తిని చూసింది. మొవ్వలో వ్యవసాయం చేసే ఒక తెలిసినాయన్ని అడిగింది. రేషను డీలరుని అడిగింది. అది బలం కోసం కలిపే గింజ అని, పిండితో చేస్తారని తెలుసుకుంది. సాయంత్రం మళ్లీ నాకు ఫోను.

"నువ్వు చెప్పిందే నిజమైంది నాన్నా. అయినా నువ్వు చెప్పడం తప్పే. చూడకుండా నిజం అన్నవాడికీ, చూడకుండా అబద్ధం అన్నవాడికీ తేడా ఏముంది?"

నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు ఆ వాక్యాన్నే కాస్త మార్చి పిల్లలకి చెబుతున్నాను.

అయితే ఆవిడ నమ్మే కొద్దిమందిలో నేనూ ఉన్నాను. దానికి కారణం పాతది. వదినకి బందరు సంబంధం వచ్చినప్పుడు, కుర్రాడు తాగుతాడేమో కనుక్కోమని నన్ను పురమాయించారు. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. తాగుతాడని విన్నానత్తయ్యా, చూడలేదు అన్నాను. ఆవిడ కళ్లజోడు నుదుటికి నెట్టి నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తనే వెళ్లి విచారించుకుంది. ఆ కుర్రాడు తాగడు. వాళ్ల పెళ్లయింది, గుడివాడలోనే కాపురం పెట్టారు, వదిన సుఖంగా ఉంది. నేను ఆ మాటని కాస్త సాగదీసి చెప్పి ఉంటే అంతా చెడేది. అప్పటినుంచి చుట్టాల్లో ఏ తగాదా వచ్చినా, ఏ వింత వినపడినా, వాణ్ని అడగండి, వాడు చూడంది చూశాననడు అనేది. ఎవరైనా మెచ్చుకుంటే రెండోరోజుకి మర్చిపోతాను గాని ఈ మాట మాత్రం లోపల దాచుకుని తిరిగాను.

ఒక ఆదివారం కోడూరులో మా బాబాయి ఇంట్లో ఉన్నాను. బాబాయి అత్తయ్యకి ఆఖరి తమ్ముడు. మా నాన్న పోయాక ఆవిడకి మిగిలిన తోడబుట్టినవాడు ఆయనొక్కడే. పొద్దున్నే పెరట్లో కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే కాకి వచ్చి ఆయన తలమీద తన్ని పోయింది. బాబాయి నవ్వి, తువ్వాలుతో తల తుడుచుకున్నాడు. పిన్ని మాత్రం మెట్టు మీద కూలబడిపోయింది. అంతకు ముందు ఏడే ఆయనకి గుండెకి స్టెంటు వేశారు.

కాకి తలమీద తన్నితే ప్రాణగండమని మా వైపు ఒక భయం. దానికి విరుగుడు కూడా ఉంది. తన్నించుకున్న మనిషి పోయాడని దగ్గరి రక్తసంబంధం వాళ్లకి అబద్ధపు కబురు పంపాలి. వాళ్లు అది నిజమనుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో గండం తీరిపోయినట్టు. తర్వాత ఉన్నమాట చెప్పేస్తారు. పాతరోజుల్లో ఆ కబురు మోసుకెళ్లేవాడే రెండో మాట కూడా మోసుకెళ్లేవాడట. అరుగు మీద కూర్చుని, లోపల ఏడుపు వినపడగానే, ఊరుకోండమ్మా, మనిషి బతికే ఉన్నాడు, కాకి తన్నింది అని చెప్పి, నాలుగు తిట్లు తిని, మజ్జిగ తాగి వచ్చేవాడట. మా నానమ్మ ఈ సంగతి చెబుతూ పొట్ట పట్టుకుని నవ్వేది.

పక్కింటి పెద్దావిడ వచ్చి, తోడబుట్టిన ఆడపడుచు ఏడిస్తే చాలమ్మాయ్ అని పిన్నికి ధైర్యం చెప్పింది. పిన్ని నావైపు తిరిగి, మీ అత్తయ్యగారు ఒట్టి కబురుకి ఏడవరు కదా అంది. అందరికీ తెలిసిన సంగతే. ఆవిడ నలుగురికి ఫోను చేసి ఆరా తీసేస్తుంది. ఆవిణ్ని బోల్తా కొట్టించడం ఎవరివల్లా కాదన్నారు.

పిన్ని భయం చూసి జాలిపడి ఒప్పుకున్నానని చెప్పుకోవచ్చు. తర్వాత కొందరికి అలాగే చెప్పాను కూడా. అది కాదు. ఎవరివల్లా కాదన్న మాట నన్ను లాగింది. నావల్ల అవుతుందనుకున్నాను.

ఆవిడ ఏం వెతుకుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఎన్ని గంటలకో లేని కబురు నమ్మదు, ఎక్కడో లేని కబురు నమ్మదు, కింద పేరు లేని కబురు నమ్మదు. మూడూ పెట్టాను. పూలదండలు, దీపాలు ఉన్న బొమ్మ చూస్తే అనుమానిస్తుందని మామూలు ఫొటో ఒకటి ఏరాను. ఆకస్మికంగా అన్న మాట రాసి, మరీ పేపరు భాషలా ఉందని తీసేశాను. గ్రూపులో మిగతావాళ్లందరికీ ముందే విడివిడిగా అసలు సంగతి చెప్పాం. ఒక్క వదినకి చెప్పలేదు, చెబితే వాళ్లమ్మకి చెప్పేస్తుందని. కబురు పెట్టగానే అవనిగడ్డ నుంచి, బందరు నుంచి చేతులు జోడించిన బొమ్మలు, ఓం శాంతులు వరసగా వచ్చి పడ్డాయి. నాలుగుచోట్ల చూడమని పిల్లలకి చెప్పానే, ఆ నాలుగుచోట్లా మేమే ఉన్నాం.

ఆవిడ ముందు బాబాయికి చేసింది. ఆ ఫోను ఆపేసి ఉంచాం. పిన్నికి చేసింది. పిన్ని ఎత్తలేదు. వీధి చివర కిరాణా కొట్టాయనకి చేసింది. ఆయనకి పక్కింటావిడ ముందే చెప్పి ఉంచింది కనుక, నాకు తెలీదమ్మా, ఇంటి దగ్గర జనం ఉన్నారని మాత్రం అన్నాడట. అప్పుడు నా ఫోను మోగింది. ఏడుపు అందరూ వినాలి కదా, స్పీకరు పెట్టాను.

"నాన్నా, ఎక్కడున్నావు?"

"కోడూర్లోనే అత్తయ్యా. బాబాయి వాళ్లింట్లో."

"నువ్వు చూశావా?"

బాబాయి నా ఎదురుగా కుర్చీలో కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. ఈ పిచ్చిపనులన్నీ మీ పిన్ని కోసం భరిస్తున్నానన్నట్టు నాకు కన్ను కూడా కొట్టాడు.

"చూశానత్తయ్యా."

"చెయ్యి పట్టుకుని చూశావా?"

"చూశాను."

ఆవిడ వెంటనే ఏడవలేదు. "సరే నాన్నా" అంది. "పిన్ని ఒక్కతే ఉంటుంది, నువ్వు దగ్గరుండు" అంది. ఆ తర్వాత ఏడ్చింది. అంత పెద్దమనిషి, మెల్లగా తప్ప మాట్లాడని మనిషి, చిన్నోడా చిన్నోడా అంటూ, బాబాయికి ఊహ తెలియని రోజుల నాటి పిలుపుతో ఏడ్చింది. పిన్ని కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. బాబాయి పళ్లెం పక్కకి నెట్టేశాడు. చాలు, చెప్పెయ్యండి, చెప్పెయ్యండని లేచాడు. నేను చెప్పబోయేసరికి అటు ఫోను తెగిపోయింది. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. గ్రూపులో అసలు సంగతి పెట్టాం. దాని కింద నవ్వు బొమ్మలు పడ్డాయి.

అత్తయ్య తలస్నానం చేసి, ఆ తడి జుట్టుతోనే వదినతో కలిసి కారెక్కిందట. పామర్రు దాటాక వదిన ఫోను తీసి ఆ రెండో కబురు చూసింది. నాకు చేసింది. జరిగింది చెప్పి, క్షమించమన్నాను. వదిన ఆ మాట వాళ్లమ్మకి చెప్పి, చూడమని, తమ్ముడితో మాట్లాడమని ఫోను చేతికిచ్చిందట. ఆవిడ చూడలేదు, చెవి దగ్గర పెట్టుకోలేదు. తర్వాత వదిన నాకు ఆ మాటలు యథాతథంగా చెప్పింది.

"నేను దారిలో ఏమైపోతానోనని అలా అంటున్నారే. వాడు చూశానన్నాడు. వాడు చూడంది చూశాననడు."

చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు. ఆ దారంతా ఆవిడ తమ్ముడు పోయాడనే అనుకుంటూ వచ్చింది. నిజం ఆవిడ పక్క సీట్లోనే, ఫోనులో ఉంది. నా మాట దానికి అడ్డం పడింది.

కారు ఆగగానే బాబాయి గేటు దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడ ఆయన్ని వాటేసుకోలేదు, కొట్టలేదు, తిట్టలేదు. తల తడిమింది, మొహం తడిమింది, మణికట్టు పట్టుకుని అలాగే నిలబడింది. బాబాయి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను తులసికోట పక్కన నిలబడి, తిట్టు తినడానికి సిద్ధంగా ఉన్నాను. పాత పద్ధతిలో అది కూడా ఒక భాగం కదా, తిట్లు తిని మజ్జిగ తాగడం. ఆవిడ లోపలికి వచ్చి మంచినీళ్లు తాగింది. "దోషం పోయిందిగా అమ్మాయ్, మంచిదే" అని పిన్నితో అంది. భోంచేసి, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం వెళ్లిపోయింది. నన్ను ఏమీ అనలేదు. నేను ఎదురుగా వెళ్లి నిలబడినప్పుడు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టలేదు.

ఆ తర్వాత గ్రూపులో ఆవిడ గొంతు ఆగిపోయింది. నిజం చెప్పాలంటే కొన్నాళ్లు అందరికీ హాయిగానే ఉంది. ఎవరికి తోచింది వాళ్లు పంపుకున్నారు, అడిగేవాళ్లు లేరు. మరికొన్నాళ్లకి ఆవిడ కూడా పంపడం మొదలుపెట్టింది. పొద్దున్నే దేవుడి బొమ్మలు, మధ్యాహ్నం చిట్కా వైద్యాలు. ఫలానా గ్రహణం రోజున ఫోన్లు ముట్టుకోకూడదని ఒకటి, ఫలానా ఆకు నమిలితే కీళ్లనొప్పులు పోతాయని ఒకటి. పెద్దవయసు, కాలక్షేపం అనుకున్నాం. నేనూ పైకి అదే అన్నాను. అప్పుడప్పుడు ఫోను చేసేవాణ్ని. బాగున్నావా నాన్నా, పిల్లలు బాగున్నారా, బందర్లో వానలు పడుతున్నాయా అని ఆప్యాయంగానే మాట్లాడేది. మీ ఊళ్లో ఇలా జరిగిందట, నువ్వు చూశావా అని మాత్రం మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అడిగితే బాగుండునని ఎదురుచూసేవాణ్ని. ఆ రోజు సంగతి నేనెత్తి, తప్పయిందత్తయ్యా అని ఒక్క మాట అనొచ్చు. ప్రతిసారీ ఈసారి అంటాననుకుని, వానల గురించి మాట్లాడి పెట్టేసేవాణ్ని.

ఒకరోజు వదిన ఫోను చేసి, అమ్మ ఆస్పత్రిలో ఉందంది. కాలి వేలికి చిన్న దెబ్బ తగిలి పుండై, మానలేదు. చూస్తే షుగరు ఎక్కడో ఉంది. డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే తేలింది, ఆవిడ కొన్ని నెలలుగా షుగరు బిళ్లలు వేసుకోవడం లేదు. బిళ్లలతో కిడ్నీలు పాడైపోతాయని, నేరేడుగింజల పొడి తాగితే చాలని ఎవరో వీడియోలో చెప్పాడట. బిళ్లలు కిటికీలోంచి పారేసి, పొడి తాగుతోంది. కూతురికి తెలియదు, ఎవరికీ తెలియదు. వేలు తీసేశారు.

ఆ తర్వాత ఆవిడ ఎక్కువకాలం లేదు. ఆవిడ పోయింది దానివల్లే అని డాక్టర్లెవరూ నాతో అనలేదు. నేను అడగలేదు కూడా.

ఆస్పత్రిలో చూడడానికి వెళ్లిన రోజు ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. కాలికి కట్టు. ఒళ్లో ఫోను. నన్ను చూసి నవ్వి, ఎండలో వచ్చావేంటి నాన్నా అని, పక్కన కుర్చీ చూపించింది. నేను తెచ్చిన బత్తాయిలు వదిన చేతికిచ్చి, రసం తియ్యమని పంపింది. మేమిద్దరమే మిగిలాం. నాకు దుఃఖం వచ్చింది, దాంతోపాటు కోపం కూడా వచ్చింది. ఎవరిమీదో అనుకున్నాను.

"సముద్రం ఉందో లేదో కనుక్కున్నదానివి, గుప్పెడు బియ్యం ఉడకబెట్టి చూసినదానివి, ఎవడో వీడియోలో చెప్పాడని బిళ్లలు పారేస్తావా అత్తయ్యా? నన్నొక్క మాట అడిగి ఉండకూడదూ?"

ఆవిడ దుప్పటి అంచు సరిచేసుకుంది. తర్వాత, కోపం లేకుండా, నేను నొచ్చుకుంటానేమో అన్నంత మెత్తగా చెప్పింది.

"నిన్నడిగితే, నాకేది చెబితే మంచిదని నీకు తోస్తే అది చెబుతావు నాన్నా. ఆమాత్రం దానికి ఇది ఉందిగా" అని ఫోను చూపించింది.